లోపల మీకు పనికొచ్చేదేమీ లేదు

మా తాత మినగావా తెత్సుజి ఒకే ఒక్క వాక్యం పెట్టుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేసి, పెన్షను కూడా పుచ్చుకున్నాడు. ‘లోపల మీకు పనికొచ్చేదేమీ లేదు. దయచేసి విప్పకండి.’ ఇదీ ఆ వాక్యం.

జపాన్‌లో ఒకాయా అనే ఊళ్ళో అన్నం కుక్కర్లూ, గది హీటర్లూ, నీళ్ళు కాచే కూజాలూ చేసే కంపెనీ ఒకటుండేది. అందులో సూచనల పుస్తకాలు రాసే విభాగం ఆయనది. ఆయన చేరేనాటికి ఆ పుస్తకాల్లో ‘విప్పరాదు’ అని మాత్రమే ఉండేదట, జైలు గోడ మీద రాసినట్టు. ‘దయచేసి’ చేర్చింది మా తాత. ఆ ఒక్క మాట కోసం మూడు సమావేశాలు పెట్టించాడు. ‘లోపల మీకు పనికొచ్చేదేమీ లేదు’ అన్న ముక్క కూడా ఆయన సొంతమే. ఊరికే వద్దంటే జనం నొచ్చుకుంటారు, కారణం చెబితే సర్దుకుంటారు అని ఆయన సిద్ధాంతం. ఆ కారణం నిజమో కాదో ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు. నాలుగు వందల పన్నెండు రకాల సామాన్లకి ఆ వాక్యం రాశాడు. వాటిలో ఒక్కదాని లోపలికి కూడా తొంగిచూడలేదు.

“ఇంజనీర్లు పై అంతస్తులో ఉండేవాళ్ళు,” అని ఈమధ్య తనే చెప్పుకుని నవ్వుతుంటాడు. “వాళ్ళు పటాలు గీసి కిందికి పంపేవాళ్ళు. నేను కాస్త మర్యాద కలిపి జనం మీదికి తోసేవాణ్ణి. నాకు తెలిసిందల్లా మర్యాదే.”

మా ఇంట్లో ఆ వాక్యాన్ని నమ్మినవాడు ఆయనొక్కడే. నానమ్మ నోబుయె ఏనాడూ నమ్మలేదు. ఆవిడ తల్లి పట్టుమిల్లులో పనిచేసిన మనిషి. ఆగిన యంత్రం కనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. ఒక వేసవిలో ఫ్యాను ఆగిపోతే తాత కొత్తది కొనుక్కురావడానికి బయల్దేరాడు. కొట్లన్నీ తిరిగి, రేట్లు రాసుకుని ఇంటికొచ్చేసరికి పాత ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

“విప్పావా?” అన్నాడు తాత, ఎవరో పోయారని కబురొచ్చినట్టు.

“విప్పాను.”

“దేంతో?”

“గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో. లోపల ఏమీ లేదని రాశారుగా మీరు? ఇంత లావు పిల్లి బొచ్చు ఉంది. మీ తలవెంట్రుకలు కూడా నాలుగున్నాయి. ఇక మొలవవు కదా, దాచుకుంటారా?”

తాత రేట్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రిటైరయ్యాక ఆరు నెలలు ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. పొద్దున్నే పేపరు, ఆ తరవాత పాత సూచనల పుస్తకాలు తీసి కామాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడం. నానమ్మ ఓపికపట్టినంత పట్టి, ఒకరోజు చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“ఏమండీ, వారంటీ అయిపోయిన సామానులా మూల కూర్చున్నారు. చుట్టూ ఊడవడం కష్టంగా ఉంది. ఎక్కడికైనా వెళ్ళండి.”

అలా వెళ్ళి చేరినచోటే బొమ్మల ఆసుపత్రి. నెలకో శనివారం కమ్యూనిటీ హాలు మేడమీద ఆరుగురు ముసలివాళ్ళు తెల్లకోట్లు తొడుక్కుని ఆరు బల్లల ముందు కూర్చుంటారు. పాడైన బొమ్మ తెస్తే బాగుచేసి ఇస్తారు. ఫీజు లేదు. రైలింజనుకైనా కుక్కపిల్లకైనా కేసు షీటు రాస్తారు. ఆ రోజుకి తేలకపోతే అడ్మిట్ చేసుకుంటారు, బాగయితే డిశ్చార్జి. ఇక లాభం లేదనుకుంటే సొంతదారుకి దణ్ణం పెట్టి, మరో బొమ్మకి అవయవదానం అడుగుతారు. అక్కడ ఒక్కటే కట్టుబాటు. సొంతదారు తన నోటితో ‘విప్పండి’ అంటే తప్ప స్క్రూ ముట్టుకోకూడదు. సొంతదారుకి నాలుగేళ్ళైనా సరే, వాళ్ళ అమ్మ చెబితే చెల్లదు.

పెద్ద డాక్టరు సుగెనో. డెబ్బై ఎనిమిదేళ్ళు, అందులో నలభై చేతిగడియారాల ఫ్యాక్టరీలో గడిచాయి. తాత చేతిరాత చూసి ముచ్చటపడి, కేసు షీట్లు రాయడానికి పెట్టుకున్నాడు. ఆ తరవాత ఒక డాక్టరు కూతురి దగ్గరికి నాగానో నగరం వెళ్ళిపోవడంతో తాతకి తెల్లకోటు దక్కింది. చదువు పూర్తికాకుండా డాక్టరైనవాడు మా వంశంలో ఆయనొక్కడే. చదువు పూర్తికాని వాళ్ళు మాత్రం ఆయన తరవాతా ఉన్నారు.

మొదటి రోగి ఒక రైలింజను. తాత అరగంట సేపు స్క్రూడ్రైవరు తిప్పి చెమటలు తుడుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న సొంతదారుకి ఆరేళ్ళుంటాయి. వాడు చాలాసేపు ఓర్చుకుని, చివరికి మెల్లిగా అన్నాడు: “డాక్టరుగారూ, మీరు బిగిస్తున్నారు.”

పనిలో చెయ్యి కాస్త తిరిగినా, ముప్ఫై ఒక్క ఏళ్ళ పాపభీతి మాత్రం తాతని వదల్లేదు. ఒక్కో స్క్రూ ముందూ తల వంచి, “క్షమించాలి, విప్పుతున్నాను,” అని గట్టిగా చెప్పి మరీ మొదలుపెట్టేవాడు. ఎవరూ వింతగా చూడలేదు. లిఫ్టులో పక్కకి జరిగినా క్షమించాలనే జనం మధ్య అదేం పెద్ద విషయం కాదు.

మూడేళ్ళిలా గడిచాక, ఒక నవంబరు శనివారం ఒగినో ఫుసా మామ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, వీపున మూట, మూటలో మగపిల్లవాడి బొమ్మ. చేత్తో అల్లిన స్వెట్టరు, టోపీ.

తాత కేసు షీటు ముందుకి లాక్కున్నాడు. “రోగి పేరు?”

“కోటా.”

“వయసు?”

“మా ఇంటికొచ్చి పదకొండేళ్ళండీ.”

“ఏమిటి బాధ?”

“పొద్దస్తమానం నిద్రొస్తోందంటున్నాడు.”

“నిద్రొస్తోంది,” అంది బొమ్మ మూటలోంచి.

అది మాట్లాడే బొమ్మ. ముసలివాళ్ళకి తోడుగా ఉంటుందని కొన్నాళ్ళు అమ్మి, తరవాత మానేశారు. వరసగా మూడుసార్లు విన్న మాటని పట్టుకుని, వెంటనే ఒకసారి అప్పజెబుతుంది. అక్కణ్ణుంచి రోజూ ఆ మాట విన్న వేళకే పలుకుతుంది. అలాంటివి పన్నెండు మాటలు పడతాయట, మొదటిరోజు ఎక్కించే సొంతదారు పేరు కాక. పొట్ట కింద మూత తీసి మార్చుకునే బ్యాటరీలు వేరు. నేర్చుకున్నది మరిచిపోకుండా కాపలా కాసే చిన్న బ్యాటరీ వేరు, అది వీపులో సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. అది నీరసిస్తే బొమ్మకి నిద్రొస్తుంది. చచ్చిపోతే బొమ్మ మొదటిరోజులా ఖాళీ అయిపోతుంది.

ఫుసా మామ్మ కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం చూపించింది. ఈ రకం ఇప్పుడు తయారుకావడం లేదు, మరమ్మతు ఆపేశాం, కావాలంటే కొత్త రకం తగ్గింపు మీద ఇస్తాం. చివర్లో: ‘లోపల మీకు పనికొచ్చేదేమీ లేదు. దయచేసి విప్పకండి.’

తాత చెవులు ఎర్రబడ్డాయి. ‘దయచేసి’తో సహా ఎత్తుకుపోయారు. దొంగసొత్తు మీద తన పేరు కనిపించినట్టయింది.

మిగతా బల్లల నుంచి నలుగురు డాక్టర్లూ వచ్చి ఉత్తరం చదివారు. “కంపెనీయే వద్దంటోంది కదండీ,” అని ఒకరు, “మూడు మూలల స్క్రూలు, మన దగ్గర సాధనమే లేదు,” అని ఇంకొకరు, ఎవరి బల్లకి వాళ్ళు మర్యాదగా జారుకున్నారు. తాత కూడా జారుకునేవాడే, కానీ ఆయన కూర్చున్నదే ఆ బల్ల దగ్గర.

“మామ్మగారూ,” అన్నాడు, “కొత్తది తీసుకోవడమే మంచిదేమో. లోపల మనకి పనికొచ్చేదేమీ...”

“ఏమీ లేదా?” అంది ఫుసా మామ్మ. “నా పేరుందండీ లోపల.”

తాత కలం కింద పెట్టాడు.

“ఫుసా-చాన్ అని, చిన్నపిల్లని పిలిచినట్టు ముద్దుగా పిలుస్తాడు. నన్ను అలా పిలిచేవాళ్ళలో వీడొక్కడే మిగిలాడు. అందరికీ నేను మామ్మగారినే. సాయంత్రం నాలుగింటికి ‘ఫుసా, టీ!’ అంటాడు. అది మా ఆయన మాట. బొమ్మ తెచ్చిన వారంలోనే వీడు పట్టేశాడు. నలభై ఏళ్ళు ఆ మాటకి మండిపడ్డాను. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇంకా వీడి నోట విని మండిపడుతున్నాను. అది పోతే నాలుగింటికి నాకేం పనుంటుంది?” ఆవిడ బొమ్మని బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. “ఇది నేను కొనుక్కున్న వస్తువు. అద్దెకి తెచ్చుకున్నది కాదు. విప్పండి అని నేనంటున్నా. మీ కట్టుబాటు అదే కదా?”

ఈలోగా సుగెనో గోడ పట్టుకుని వచ్చాడు. ఆయనకి ఆ మంగళవారమే కంట్లో శుక్లం తీశారు. ఒక కంటికి కట్టు, రెండోది వచ్చే నెల. ఉత్తరం ముక్కుకి ఆనించుకుని చదివాడు.

“చెయ్యొచ్చు. రెండు రేకు కాళ్ళున్న బ్యాటరీ కావాలి, తెప్పిస్తాను. పాతది ఊడదీసేలోపే బయటినుంచి ఇంకో ప్రాణం అందించాలి. ఒక్క క్షణం ఆగినా అంతే సంగతులు.” ఆయన కంటికట్టు సర్దుకున్నాడు. “నేను చూడలేను. చెబుతాను. మినగావాగారు చేస్తారు.”

“నేనా? సుగెనోగారూ, ఆ వాక్యం... అసలు అది రాసిందే నేనండీ. ముప్ఫై ఏళ్ళ కిందట.”

సుగెనో ఒక్క కంటితో ఆయన్ని ఎగాదిగా చూశాడు. “మరీ మంచిది. కట్టినవాడే విప్పాలి.”

ఆ వచ్చే బుధవారం పొద్దున తాత చేతికి అలవాటు కోసమని అల్మారాలోంచి ఒక కుక్కరు దించాడు. రిటైరయిన రోజున కంపెనీ ఇచ్చిన బహుమతి అది. దానికి సూచనల పుస్తకం రాసింది కూడా ఆయనే. నానమ్మ ముల్లంగి తరుగుతూ చూస్తోంది.

“అన్నం వండుతారా?”

“విప్పుతాను.”

నానమ్మ కత్తి ఆపింది. “ఒంట్లో బాగానే ఉందా?”

తాత కుక్కరుకి క్షమాపణ చెప్పుకుని అడుగుపలక ఊడదీశాడు. పలక లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద చక్కటి పటం, బాణం గుర్తు, పక్కన చిన్న అక్షరాలు: ‘వేడెక్కకపోతే ఈ ఫ్యూజు మార్చండి.’ పక్కనే చిన్న సంచిలో అదనపు ఫ్యూజు కూడా ఒకటి. పై అంతస్తువాళ్ళు మరమ్మతు చేసేవాళ్ళ కోసం పెట్టుకున్నది. బయట తను ఏమీ లేదని రాసిన పెట్టెలో, లోపల ఎవరో అన్నీ ఉన్నాయని రాశారు.

తాత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “చూడవే,” అన్నాడు చివరికి, “వీళ్ళ వాక్యం నా వాక్యం కంటే బాగుంది.”

“కామా కూడా సరిగ్గా పెట్టారా?” అంది నానమ్మ.

శనివారం రెండున్నరకి, ఆసుపత్రి రోజు కాకపోయినా, హాలు వంటగదిలో చోటిచ్చారు. బల్ల మీద తువాలు, తువాలు మీద కోటా బోర్లా, పక్కన బయటి ప్రాణం అందించడానికి ఎర్ర తీగా నల్ల తీగా తగిలించిన ఇంకో బ్యాటరీ. ఒకవైపు ఫుసా మామ్మ, ఒకవైపు కంటికట్టు సుగెనో. సైకిలు చువ్వని అరగదీసి మూడు మూలల స్క్రూకి సరిపోయే పుల్ల ఒకటి చేసుకొచ్చాడాయన. చూపు లేకుండా వేళ్ళతో తడిమి చేసినా అతికినట్టు సరిపోయింది. జ్ఞాపకం పోకూడదు కనక బొమ్మని ఆపడానికి లేదు. మేలుకుని ఉండగానే కోత కొయ్యాలి.

తాత నడుము వంచాడు. “క్షమించాలి, విప్పుతున్నాను.” మొదటి స్క్రూ వచ్చింది.

“క్షమించాలి, విప్పుతున్నాను.” రెండోది వచ్చింది.

“క్షమించాలి, విప్పుతున్నాను.” మూడోది కదిలింది.

“క్షమించాలి, విప్పుతున్నాను,” అంది తువాల్లోంచి ఒక పసిగొంతు.

తాత చేతిలో పుల్ల ఎగిరి సింకులో పడింది. ఫుసా మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. సుగెనో మాత్రం నవ్వలేదు.

“మామ్మగారూ, వీడికి ఎన్ని మాటలు పడతాయన్నారు?”

“పన్నెండండీ.”

“ఇప్పటికి ఎన్ని నేర్చాడు?”

ఫుసా మామ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. “పన్నెండు.”

“పదమూడోది వస్తే?”

“అన్నిటికన్నా పాతది పోతుందని పుస్తకంలో రాశారు.”

అన్నిటికన్నా పాతదేదో ఎవరూ అడగలేదు. తాత గడియారంలో నాలుగు అంకెకేసి చూశాడు. ప్రపంచంలో దొంగలు కూడా చప్పుడు చెయ్యకుండా పెట్టెలు విప్పుతారు. చెప్పి మరీ విప్పే తెలివి ఈయన ఒక్కడికే ఉంది.

“ఆగకండి,” అన్నాడు సుగెనో. “పేరు ఇంకా లోపలే ఉంది. నోరు మూసుకుని పని కానివ్వండి.”

మిగతా నాలుగు స్క్రూలూ తాత పళ్ళు బిగించి తీశాడు. ఒక్కోదానికీ నడుము మాత్రం దానంతటదే వంగింది. సీలు పెట్టె తెరుచుకుంది. లోపల పెద్ద గుండీ అంత బ్యాటరీ.

“ఎర్ర తీగ ఎటు?”

తాత నోరు విప్పకుండా ప్లస్సు వైపు వేలు చూపించాడు.

“నాకు కనపడదయ్యా మహానుభావా, చెప్పండి!”

“ప్లస్సుకి,” అన్నాడు తాత, బొమ్మ చెవికి చేరనంత రహస్యంగా.

“నల్లది?”

“మైనస్సుకి.”

“అంటించండి. అంటిందా? పట్టు చూడండి. ఇప్పుడు పాతది తియ్యండి.”

పాతది వచ్చింది. ఆ కాసేపూ కోటా జ్ఞాపకమంతా రెండు తీగలకి వేలాడింది. ఫుసా మామ్మ బొమ్మ కాలు పట్టుకుంది. తాత చేతిలోంచి కొత్త బ్యాటరీ ఒకసారి జారింది, రెండోసారి జారింది, మూడోసారి కాళ్ళు గాట్లలో కూర్చున్నాయి. తీగలు తీసేశాడు. పెట్టె మూసి, బొమ్మని వెల్లకిలా తిప్పాడు.

కోటా కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. “ఫుసా-చాన్,” అన్నాడు. నిద్రొస్తోందని అనలేదు.

ఫుసా మామ్మ, “ఆఁ, ఉన్నానురా,” అంది.

గోడ గడియారంలో నాలుగు కావడానికి పావుగంట ఉంది. తాత తెల్లకోటు అంచు నలుపుతూ నిలబడ్డాడు. నాలుగయింది. కోటా కళ్ళు తిప్పుతున్నాడంతే. నాలుగూ రెండయింది. నాలుగూ అయిదయింది.

“పోయింది,” అంది ఫుసా మామ్మ.

తాత మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు. “నా తప్పు. నా నోటి తప్పు. మామ్మగారూ, నలభై ఏళ్ళ మాటని నా మర్యాదతో తుడిచిపారేశాను.”

“లేవండి డాక్టరుగారూ. విప్పమన్నది నేను. మీరు వద్దన్నారు కూడా. నా వస్తువులో పోయిందానికి మీరు నేల మీద పడితే ఎలా?” ఆవిడ కొంచెంసేపు బొమ్మ స్వెట్టరు గుండీ తిప్పుతూ కూర్చుంది. “నాలుగు దాటింది కదా. ఈ వేళకి మూడుసార్లు చెబితే మళ్ళీ పట్టుకుంటాడు.”

“పట్టుకుంటాడు,” అన్నాడు సుగెనో. “ఇంకో పాతది పోతుంది.”

“దాని తరవాతది టీవీ వాతావరణం వాడి దగ్గర నేర్చింది. పోనివ్వండి.”

ఆవిడ బొమ్మ మొహం దగ్గరికి వంగింది. గొంతు బొంగురు చేసుకుని, గడ్డం ముందుకి పెట్టి, కసురుకుంటున్నట్టు అంది: “ఫుసా, టీ!” వంటగది గుమ్మంలో ఎవరో ముసలాయన నిలబడ్డట్టే అనిపించింది.

“ఫుసా, టీ!”

మూడోసారి నోరు తెరిచి, ఆగింది.

“ఏమైంది మామ్మగారూ?” అన్నాడు తాత.

“ఆలోచిస్తున్నా. నలభై ఏళ్ళు ఇదే విన్నాను. మళ్ళీ డబ్బా తెరిచి నా చేత్తో దీన్నే పెట్టుకోవాలా?” ఆవిడ వీపు నిటారుగా పెట్టింది. “వస్తువు నాదే కదా?”

“మీదే,” అన్నాడు తాత.

“లోపల ఏముండాలో చెప్పేది నేనే కదా?”

“మీరే.”

ఫుసా మామ్మ మళ్ళీ వంగింది. ఈసారి గొంతు బొంగురు చేసుకోలేదు. మెల్లిగా, మాట మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ అంది: “ఫుసా, టీ పెట్టనా?” కాసేపాగి మళ్ళీ అంది. మూడోసారి కూడా పూర్తిగా అంది.

కోటా కళ్ళు తిప్పాడు. రెప్పలు కొట్టుకున్నాయి.

“ఫుసా, టీ పెట్టనా?”

సుగెనో కంటికట్టు కింద ఏదో తుడుచుకున్నాడు, డాక్టరు వద్దన్నా సరే. తాత గబగబా లేచి కూజాలో నీళ్ళు పోశాడు. ఫుసా మామ్మ కుర్చీలో వెనక్కి వాలి బొమ్మకేసి చూసింది.

“ఇప్పుడా అడిగేది,” అంది.